అన్నదాత సుఖీభవ, పీఎం కిసాన్: సొంత రైతుకు ఎంత? కౌలు రైతుకు ఎంత? గుంటూరు, ప్రకాశం రైతులు తెలుసుకోవాల్సిన పూర్తి వివరాలు

రైతు ఖాతాలో ఏటా 20 వేలు. వినడానికి సింపుల్‌గా ఉన్నా, ఊళ్లోకి వెళ్తే ఒకటే ప్రశ్న: ‘పక్కింటాయనకు పడ్డాయి, నాకెందుకు పడలేదు?’ పత్తి, మిర్చి పండే పాత గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఈ ప్రశ్న ఇంకా గట్టిగా వినిపిస్తుంది. ఎందుకంటే ఇక్కడ పట్టాదారు పాసుపుస్తకంలో ఉండే పేరు ఒకరిది, పొలంలో దిగి పంట పండించే మనిషి ఇంకొకరు.

అసలు ఈ డబ్బులు ఎవరికి వస్తాయి? ఏ కారణంతో ఆగిపోతాయి? కౌలు రైతు చేతిలో ఏ కాగితం ఉండాలి? వివరంగా చూద్దాం.

ఎంత వస్తుంది? ఎప్పుడు వస్తుంది?

రైతు ఖాతాలో పడే డబ్బు రెండు జేబుల నుంచి వస్తుంది. ఒకటి కేంద్రం ఇచ్చే పీఎం కిసాన్. ఏడాదికి రూ.6,000. మూడు విడతలు, విడతకు రూ.2,000. రెండోది రాష్ట్రం ఇచ్చే అన్నదాత సుఖీభవ. ఏడాదికి రూ.14,000. ఇది కూడా మూడు విడతలే: రూ.5,000, రూ.5,000, రూ.4,000. రెండూ కలిపి చూస్తే మొదటి విడత రూ.7,000, రెండో విడత రూ.7,000, మూడో విడత రూ.6,000. మొత్తం రూ.20,000.

ఈ పథకం మొదలైంది కూడా ఈ నేల మీదే. 2025 ఆగస్టు 2న ప్రకాశం జిల్లా దర్శి మండలం తూర్పు వీరాయపాలెంలో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు తొలి విడత విడుదల చేశారు. అదే రోజు వారణాసిలో ప్రధాని మోదీ పీఎం కిసాన్ 20వ విడత విడుదల చేశారు. రెండో విడత 2025 నవంబర్ 19న వచ్చింది. ఆ రోజు కేంద్రం కోయంబత్తూరు నుంచి 21వ విడత ఇస్తే, రాష్ట్రం కడప జిల్లా పెండ్లిమర్రి నుంచి తన వాటా ఇచ్చింది.

ఒక ముఖ్యమైన విషయం. ఈ డబ్బు ఎకరాల లెక్కన రాదు. రైతు కుటుంబం లెక్కన వస్తుంది. ఎకరం ఉన్నా, ఎనిమిది ఎకరాలు ఉన్నా అదే మొత్తం. తెలంగాణలో పద్ధతి వేరు. అక్కడ 2018లో మొదలైన రైతుబంధు నుంచి ఇప్పటి రైతు భరోసా దాకా ఎకరాకు ఇంత అని లెక్క. 2025 జనవరి నుంచి అది ఎకరాకు సీజన్‌కు రూ.6,000.

7 వేలకు బదులు 5 వేలే ఎందుకు పడ్డాయి?

తొలి విడతలో చాలామందికి వచ్చిన డౌట్ ఇదే. సమాధానం ప్రభుత్వం చెప్పిన లెక్కల్లోనే ఉంది. తొలి విడతలో లబ్ధిదారులు 46.85 లక్షల మంది. రాష్ట్రం వాటా రూ.2,342.92 కోట్లు. కేంద్రం వాటా రూ.831.51 కోట్లు. రాష్ట్రం వాటాను 5 వేలతో భాగిస్తే 46.85 లక్షల మంది వస్తారు. కేంద్రం వాటాను 2 వేలతో భాగిస్తే 41.57 లక్షల మందే వస్తారు. అంటే సుమారు 5 లక్షల కుటుంబాలకు రాష్ట్రం డబ్బు వచ్చింది కానీ కేంద్రం డబ్బు రాలేదు.

కారణం, రెండు పథకాల రూల్స్ అచ్చుగుద్దినట్టు ఒకటి కావు. పీఎం కిసాన్‌కు ఒక కటాఫ్ డేట్ ఉంది: 2019 ఫిబ్రవరి 1. ఆ తేదీ నాటికి భూమి మీ పేరు మీద ఉండాలి. ఆ తర్వాత కొన్న భూమికి పీఎం కిసాన్ రాదు. తండ్రి చనిపోయి వారసత్వంగా వచ్చిన భూమికి మాత్రం మినహాయింపు ఉంది. 2021లో రెండెకరాలు కొనుక్కుని పత్తి వేస్తున్న రైతుకు కేంద్రం 2 వేలు ఆగడానికి ఇదే కారణం కావొచ్చు.

ఎవరికి రాదు?

పీఎం కిసాన్ 2019 ఫిబ్రవరి 24న గోరఖ్‌పూర్‌లో మొదలైంది. మొదట్లో 2 హెక్టార్ల లోపు, అంటే దాదాపు ఐదెకరాల లోపు ఉన్నవారికే. 2019 జూన్ నుంచి ఎకరాల పరిమితి తీసేశారు. కానీ కొందరిని పక్కన పెట్టారు.

ఇన్‌కమ్ ట్యాక్స్ కట్టినవారు. ప్రస్తుత, రిటైర్డ్ ప్రభుత్వ ఉద్యోగులు. నెలకు రూ.10 వేలు, ఆపైన పెన్షన్ తీసుకునేవారు. ఈ రెండింటిలో నాలుగో తరగతి ఉద్యోగులకు మినహాయింపు ఉంది. ప్రాక్టీస్‌లో ఉన్న డాక్టర్లు, లాయర్లు, ఇంజినీర్లు, చార్టర్డ్ అకౌంటెంట్లు. మంత్రులు, ఎంపీలు, ఎమ్మెల్యేలు, రాజ్యాంగ పదవుల్లో ఉన్నవారు. సంస్థల పేరు మీద ఉన్న భూములు. వీటిలో ఏ ఒక్కటి తగిలినా ఆ కుటుంబానికి పీఎం కిసాన్ రాదు.

కుటుంబం అంటే భార్య, భర్త, మైనర్ పిల్లలు. భర్త పేరు మీద రెండెకరాలు, భార్య పేరు మీద ఎకరం ఉంటే ఇద్దరికీ వేర్వేరుగా రాదు. ఒక్కరికే వస్తుంది.

కౌలు రైతు సంగతేంటి?

ఇక్కడే అసలు చిక్కు. పీఎం కిసాన్ భూమి యజమానికి మాత్రమే. కౌలు రైతుకు ఒక్క రూపాయి కూడా రాదు. పొలం ఎవరు దున్నారు, విత్తనం ఎవరు వేశారు అనేది ఈ పథకం చూడదు. రికార్డులో పేరు ఎవరిది అన్నదే చూస్తుంది.

ఇది దేశమంతా ఉన్న రూలే. కానీ ఆంధ్రప్రదేశ్‌లో దెబ్బ ఎక్కువ. 2018-19 జాతీయ నమూనా సర్వే 77వ రౌండ్ ప్రకారం దేశంలో కౌలు కమతాలు 17.3 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం. దేశంలోనే ఇది అత్యధికం.

సత్తెనపల్లి, క్రోసూరు, ప్రత్తిపాడు, దర్శి, త్రిపురాంతకం... ఇలా నల్లరేగడి ఊళ్లలో చాలా మంది భూ యజమానులు గుంటూరులోనో, విజయవాడలోనో, హైదరాబాద్‌లోనో, అమెరికాలోనో ఉంటారు. పొలం ఊళ్లోని కౌలుదారు చేతిలో ఉంటుంది. మిర్చి పొలానికి కౌలు చాలా చోట్ల ముందే కట్టాలి. పంట వచ్చాక ఇస్తానంటే కుదరదు. ఆ పైన విత్తనం, నారు, మందులు, కోత కూలీలు... ఎకరా మిర్చికి ఖర్చు లక్ష రూపాయలు దాటుతుంది. ఆ డబ్బు నూటికి రెండు రూపాయల వడ్డీకి బయట తేవాలి, లేదంటే పంట తనకే తేవాలన్న షరతుతో కమీషన్ వ్యాపారి దగ్గర తీసుకోవాలి.

అంటే పెట్టుబడి సాయం అవసరం ఎవరికి ఎక్కువో, వారికే ఆ సాయం అందే దారి సన్నగా ఉంది.

రాష్ట్రం ఏం చేసింది?

కౌలు రైతుల గ్యాప్ పూడ్చడానికి రాష్ట్ర ప్రభుత్వాలు తమ డబ్బుతో ప్రయత్నించాయి. 2019 ఫిబ్రవరిలో వచ్చిన మొదటి అన్నదాత సుఖీభవలో పీఎం కిసాన్‌కు రాష్ట్ర వాటా కలిపి ఐదెకరాల లోపు రైతుకు రూ.15 వేలు ఇస్తామన్నారు. ప్రభుత్వం మారాక అదే ఏడాది అక్టోబర్ 15న నెల్లూరు జిల్లాలో వైఎస్సార్ రైతు భరోసా మొదలైంది. అందులో ఏడాదికి రూ.13,500. ఇందులో కేంద్రం వాటా రూ.6,000, రాష్ట్రం వాటా రూ.7,500. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనార్టీ వర్గాల్లో సొంత భూమి లేని కౌలు రైతులకు, దేవాదాయ, అటవీ భూములు సాగు చేసేవారికి 13,500 మొత్తం రాష్ట్రమే ఇచ్చే ఏర్పాటు ఉండేది. 2023 ఫిబ్రవరి 28న గుంటూరు జిల్లా తెనాలిలో అప్పటి ముఖ్యమంత్రి జగన్ ఒక విడత విడుదల చేశారు.

ఇప్పటి అన్నదాత సుఖీభవలో కూడా అదే దారి. సొంత భూమి లేని కౌలు రైతుకు కేంద్రం వాటా రాదు కాబట్టి, 20 వేలూ రాష్ట్రమే ఇస్తుందని ప్రభుత్వం ప్రకటించింది. కానీ రెండు షరతులు. ఒకటి, కౌలు కార్డు ఉండాలి. రెండు, ఈ-పంటలో సాగు నమోదై ఉండాలి.

పథకం పేరు మారింది. మొత్తం మారింది. మారనిది ఒక్కటే: కౌలు కార్డు లేకపోతే కౌలు రైతు ప్రభుత్వం కంటికి కనిపించడు.

కౌలు కార్డు అంటే ఏంటి?

దీని అసలు పేరు పంట సాగుదారు హక్కు పత్రం. ఊళ్లలో సీసీఆర్‌సీ కార్డు అంటారు. 2011లో రుణ అర్హత కార్డులు ఇచ్చే చట్టం ఒకటి వచ్చింది. దాని స్థానంలో 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం తెచ్చారు. ఈ కార్డు గడువు 11 నెలలు. తర్వాత మళ్లీ కొత్తగా తీసుకోవాలి.

ఈ కార్డుతో వచ్చేది పంట మీద హక్కు. భూమి మీద కాదు. ఇది చట్టంలోనే స్పష్టంగా ఉంది. కార్డు చూపించి పంట రుణం, పంటల బీమా, నష్ట పరిహారం, మద్దతు ధరకు అమ్మకం అడగొచ్చు. భూమి నాది అని మాత్రం అడగలేరు.

మరి ఇంత క్లియర్‌గా ఉంటే కార్డులు ఎందుకు తక్కువ? ఎందుకంటే ఒప్పందం మీద యజమాని సంతకం కావాలి. యజమానులు భయపడుతున్నది మూడింటికి. కాగితం రాసిస్తే కౌలుదారు రేపు భూమి వదలడేమో అన్నది మొదటి భయం. చట్టం ప్రకారం ఈ కార్డుతో అది సాధ్యం కాదు. తనకు వచ్చే పీఎం కిసాన్ పోతుందేమో అన్నది రెండోది. పీఎం కిసాన్ యాజమాన్యాన్ని బట్టి వస్తుంది కాబట్టి కౌలుకు ఇచ్చినంత మాత్రాన పోదు. మూడోది బ్యాంకు రుణం. చాలామంది యజమానులు ఆ సర్వే నంబర్ మీద అప్పటికే పంట రుణం తీసుకుని ఉంటారు. ఒకే భూమి మీద, ఒకే పంటకు ఇద్దరికి రుణం ఇవ్వడానికి బ్యాంకు ముందుకు రాదు. ఈ మూడో సమస్య నిజమైనదే. కార్డు ఉన్నా బ్యాంకులో అప్పు పుట్టని కౌలు రైతులు ఉండడానికి కారణం ఇదే.

అలాగని కార్డు దండగ అనుకుంటే పొరపాటు. మిగతా ప్రయోజనాలకు అదే తాళం చెవి.

భూమి వెంట వచ్చే డబ్బు, పంట వెంట వచ్చే డబ్బు

ప్రభుత్వం నుంచి రైతుకు వచ్చే డబ్బును రెండు రకాలుగా చూస్తే కన్‌ఫ్యూజన్ ఉండదు.

మొదటిది భూమి వెంట వచ్చేది. పీఎం కిసాన్, యజమానికి వచ్చే అన్నదాత సుఖీభవ ఇందులోకి వస్తాయి. పొలంలో ఏ పంట వేశారు, అసలు వేశారా లేదా అన్నదానితో పీఎం కిసాన్‌కు సంబంధం లేదు.

రెండోది పంట వెంట వచ్చేది. తుపాను, అకాల వర్షాలకు ఇచ్చే ఇన్‌పుట్ సబ్సిడీ, పంటల బీమా, మద్దతు ధర ఇందులోకి వస్తాయి. వీటన్నింటికీ ఆధారం ఈ-పంట నమోదు. ఇందులో కౌలు రైతుకు చోటు ఉంది. కాకపోతే నమోదు తన పేరు మీదే జరిగిందో లేదో తానే చూసుకోవాలి. యజమాని పేరుతో నమోదైతే పరిహారం కూడా యజమాని ఖాతాకే వెళ్తుంది.

ఇన్‌పుట్ సబ్సిడీ: పంట 33 శాతం, ఆపైన దెబ్బతింటేనే వస్తుంది. కేంద్ర విపత్తు నిధి నిబంధనల్లో 2 హెక్టార్ల వరకు వర్షాధార పంటకు హెక్టారుకు రూ.8,500, నీటి వసతి ఉన్న పంటకు రూ.17,000గా ఉంది. రాష్ట్రం ఇంతకు మించి ఇవ్వాలంటే సొంత నిధులు కలపాలి.

పంటల బీమా: 2019 నుంచి కొన్నేళ్లు రాష్ట్రంలో రైతు వాటా కూడా ప్రభుత్వమే కట్టింది. 2024-25 రబీ నుంచి మళ్లీ రైతే కట్టాలి. కేంద్ర నిబంధనల ప్రకారం పత్తి, మిర్చి లాంటి వాణిజ్య, ఉద్యాన పంటలకు రైతు వాటా బీమా మొత్తంలో గరిష్ఠంగా 5 శాతం. ప్రీమియం కట్టకపోతే బీమా లేనట్టే.

పత్తి మద్దతు ధర: 2025-26 సీజన్‌కు పొడవు పింజ పత్తికి క్వింటాకు రూ.8,110, మధ్యస్థ పింజకు రూ.7,710. కొనేది భారత పత్తి సంస్థ, అంటే సీసీఐ. కపాస్ కిసాన్ యాప్‌లో ఆధార్‌తో రిజిస్టర్ చేసుకుని స్లాట్ బుక్ చేసుకోవాలి. తేమ 8 శాతం ఉంటే పూర్తి ధర. 12 శాతం దాటితే కొనరు. డబ్బులు ఆధార్ లింక్ అయిన ఖాతాలోనే పడతాయి.

మిర్చి: ఆసియాలోనే పెద్ద మిర్చి యార్డు గుంటూరులో ఉన్నా, మిర్చికి కేంద్రం ఇచ్చే మద్దతు ధర లేదు. 2025 ప్రారంభంలో ధరలు పడిపోయినప్పుడు కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాకు రూ.11,781 ధర, 2.58 లక్షల టన్నుల పరిమితి ప్రకటించింది. అది ఆ సీజన్‌కు తీసుకున్న నిర్ణయం. ఏటా వచ్చే హామీ కాదు. అంతకుముందు 2021-22లో నల్ల తామర పురుగు మిర్చి తోటల్ని తుడిచిపెట్టినప్పుడు, కౌలు ముందే కట్టేసిన రైతులు నిండా మునిగారు.

ఒక లెక్క చూడండి

ఉదాహరణకు ఒక రైతుకు ఎకరం సొంత భూమి ఉంది. మరో నాలుగెకరాలు కౌలుకు తీసుకుని మిర్చి వేశాడు. సొంత ఎకరం ఉంది కాబట్టి పీఎం కిసాన్, అన్నదాత సుఖీభవ కలిపి ఏడాదికి రూ.20,000 వస్తాయి. ఐదెకరాల మిర్చికి పెట్టుబడి ఎకరాకు లక్ష వేసుకున్నా ఐదు లక్షలు. సాయం అందులో 4 శాతం.

అదే రైతుకు సెంటు భూమి కూడా లేకపోతే? కౌలు కార్డు ఉంటేనే ఆ 20 వేలు. లేకపోతే సున్నా. నాలుగెకరాల్లో పంట పోతే వచ్చే పరిహారం ఈ 20 వేల కంటే చాలా ఎక్కువ ఉండొచ్చు. అది కూడా ఈ-పంటలో పేరు ఉంటేనే. అందుకే కౌలు రైతు పీఎం కిసాన్ విడత తేదీ కంటే ఈ-పంట నమోదు చివరి తేదీని ఎక్కువ పట్టించుకోవాలి.

ఇంకో చేదు నిజం కూడా ఉంది. అప్పుల బాధతో రైతు ప్రాణాలు తీసుకుంటే కుటుంబానికి రాష్ట్రం ఇచ్చే పరిహారం రూ.7 లక్షలు. మరణించిన వ్యక్తి రైతేనని రుజువు చేయాల్సి వచ్చినప్పుడు, కౌలు కుటుంబాలను మొదట అడిగేది ఈ కార్డే.

డబ్బులు పడలేదా? ఇవి చెక్ చేసుకోండి

ఒకటి, ఈ-కేవైసీ. మూడు రకాలుగా చేసుకోవచ్చు. ఆధార్‌కు లింకైన మొబైల్‌కు వచ్చే ఓటీపీతో, మీసేవ లాంటి కేంద్రాల్లో వేలిముద్రతో, లేదా పీఎం కిసాన్ యాప్‌లో ముఖం చూపించి. మందులు కొట్టి, మిరపకాయలు ఏరి వేలిముద్రలు అరిగిపోయిన వారికి, పెద్దవాళ్లకు ఫేస్ ఆప్షన్ బాగా పనికొస్తుంది.

రెండు, ఆధార్ ఏ బ్యాంకు ఖాతాకు మ్యాప్ అయి ఉంది? ఇది చాలా మంది మిస్ అయ్యే పాయింట్. డబ్బు మీరు ఇచ్చిన అకౌంట్ నంబర్‌కు కాదు, ఎన్‌పీసీఐలో మీ ఆధార్‌కు మ్యాప్ అయిన ఖాతాకు వెళ్తుంది. రెండు మూడు ఖాతాలు ఉంటే చివరిగా మ్యాప్ చేసిన దాంట్లో పడుతుంది. పడలేదు అనుకున్న డబ్బు వాడని ఖాతాలో ఉండొచ్చు. 2025 మే 1న చైతన్య గోదావరి, ప్రగతి గ్రామీణ బ్యాంకులు సహా రాష్ట్రంలోని నాలుగు గ్రామీణ బ్యాంకులు కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకుగా మారాయి. పాత పాసుబుక్ ఉన్నవారు ఒకసారి బ్రాంచ్‌కు వెళ్లి మ్యాపింగ్ కన్ఫర్మ్ చేసుకోవడం మంచిది.

మూడు, భూమి రికార్డు. వెబ్‌ల్యాండ్‌లో ఇంకా చనిపోయిన తండ్రి పేరే ఉందా? అన్నదమ్ములు పంచుకున్నా మ్యుటేషన్ కాలేదా? ఆధార్ నంబర్ తప్పుగా ఎక్కిందా? ఇలాంటివి ఉంటే వీఆర్వో ద్వారా తహసీల్దార్ ఆఫీసులో సరిచేయించుకోవాలి.

నాలుగు, రైతు విశిష్ట సంఖ్య. ఫార్మర్ రిజిస్ట్రీలో నమోదైన రైతుకు 11 అంకెల నంబర్ ఇస్తున్నారు. ఇది రైతు సేవా కేంద్రంలో చేస్తారు. పట్టాదారు పుస్తకం, ఆధార్, ఆధార్‌కు లింకైన ఫోన్ తీసుకెళ్లాలి.

స్టేటస్‌లో కనిపించే మాటలకు అర్థం ఇదీ: ‘ఆర్‌ఎఫ్‌టీ సైన్డ్’ అంటే మీ వివరాలను రాష్ట్రం ఓకే చేసి డబ్బు పంపమని కోరింది. ‘ఎఫ్‌టీవో జనరేటెడ్’ అంటే చెల్లింపు ఆర్డర్ తయారైంది, బ్యాంకులో పడటమే మిగిలింది.

ఎవరిని అడగాలి?

ముందు ఊళ్లోని రైతు సేవా కేంద్రం. వ్యవసాయ సహాయకుడి దగ్గర అర్హుల జాబితా, తిరస్కరణకు కారణం తెలుస్తాయి. అక్కడ తేలకపోతే మండల వ్యవసాయ అధికారి. భూమి రికార్డు సమస్య అయితే తహసీల్దార్. అన్నదాత సుఖీభవ టోల్ ఫ్రీ నంబర్ 155251. పీఎం కిసాన్ హెల్ప్‌లైన్ 155261. రెండు నంబర్లు దగ్గరగా ఉంటాయి, తికమక పడొద్దు. మన మిత్ర వాట్సాప్ నంబర్ 95523 00009లో కూడా స్టేటస్ చూసుకోవచ్చు. ఎక్కడా పని కాకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోవాలి.

2022 ఏప్రిల్ 4న జిల్లాల విభజన జరిగాక నరసరావుపేట, మాచర్ల, సత్తెనపల్లి వైపు వారికి కలెక్టరేట్ నరసరావుపేటలో ఉంది. పర్చూరు, చీరాల వైపు వారు బాపట్ల వెళ్లాలి. పాత అలవాటు కొద్దీ గుంటూరుకో, ఒంగోలుకో వెళ్లి తిరిగి రావద్దు.

విడత వచ్చే రోజుల్లో వాట్సాప్‌లో ‘పీఎం కిసాన్’ పేరుతో ఏపీకే ఫైళ్లు తిరుగుతుంటాయి. వాటిని ఇన్‌స్టాల్ చేస్తే ఖాతా ఖాళీ. ఏ పథకానికీ ఓటీపీ ఫోన్‌లో చెప్పాల్సిన పని లేదు.

కౌలు రైతులకు చివరిగా ఒక్క మాట. ఒడిశా 2019లో తెచ్చిన కాలియా పథకంలో కౌలు రైతుల్ని, భూమి లేని వ్యవసాయ కుటుంబాల్ని కూడా చేర్చింది. అంటే పట్టా లేని సాగుదారుకు సాయం చేయడం కుదరని పనేం కాదు. ఇక్కడ మాత్రం ప్రస్తుతానికి దారి కౌలు కార్డు మీదుగానే ఉంది. కౌలు మాట్లాడుకునే రోజే, డబ్బు చేతిలో పెట్టకముందే, యజమానిని సంతకం అడగండి. డబ్బు ఇచ్చేశాక అడిగితే ఆ సంతకం దొరకడం కష్టం.